గట్టు మీది రేగుకు మొగ్గ అంటు

రేగు చెట్టు నెరుగని రైతు మన జిల్లాలో లేడు. పొలము గట్టున, చెల్క అంచున, ఒర్రె ప్రక్కన, బండ్ల బాట వెంట అది తనంత తాను మొలచును. ఎవరును నాటరు, ఎవరును నీరు పోయరు. ఎండాకాలము రాగానే కొమ్మలు నరికి కంచెకు కంప వేయుదుము. సంక్రాంతి నాటికి పిల్లలు పోయి పండ్లు ఏరుకొని వత్తురు. భోగినాడు వానిని చంటిబిడ్డల తలపై పోయుదుము. అంతటితో ఆ చెట్టుతో మన పని తీరును. మరుసటి వేసవికి మరల గొడ్డలి.

ఈ కంప చెట్టును వేరుతో పెరికివేయవలసిన పని లేదు. దాని వేరును అట్లే ఉంచి, పైన మేలు రకపు మొగ్గను అంటు కట్టినచో, రెండవ ఏటి చలికాలమునకు అంగడిలో అమ్ముకొనదగిన పండ్లు కాయనారంభించును. క్రొత్తగా గుంత త్రవ్వవలసినది లేదు, నీరు మోయవలసినది లేదు. కావలసినది ఒక పదునైన చాకు, మంచి చెట్టునుండి తెచ్చిన నాలుగు కొమ్మలు, ఆ పిమ్మట రెండేండ్ల శ్రద్ధ. ఈ చివరిది లేకనే పెక్కుమంది యత్నము చెడుచున్నది. దానిని గూర్చి ముందు వివరముగా చెప్పెదను.

ఇతర దేశములలో

ముళ్ల కంపను ఫలవృక్షముగా మార్చుకొనుట మనకు మాత్రమే తోచిన ఉపాయము కాదు. మధ్యధరా సముద్రము చుట్టునున్న దేశములలో హాథార్న్ అను ముళ్ల చెట్టు పొలముల కంచెలలో పెరుగును. అందులో అజరోల్ అను ఒక జాతి కలదు. అరబ్బులు దానిని జారూర్ అందురు. ఐరోపావారు పలుకు అజరోల్ అను పేరు ఆ మాటనుండి వచ్చినదే. వసంతములో చెట్టునిండ తెల్లని పూలు పూచును. పిమ్మట ఎర్రనివో పసుపువన్నెవో చిన్న పండ్లు కాయును. వాని రుచి ఆపిల్ రుచిని పోలియుండును. ఇటలీలో, స్పెయినులో దానిని పండ్లకొరకును, ఇంటిముందు అందము కొరకును పెంచుదురు. పండ్లతో జామ్ వండుదురు. హాథార్న్ గింజ మొలచుటకు ఒక్కొక్కప్పుడు రెండేండ్లు పట్టును. అందుచే అచటి తోటమాలులు గింజ కొరకు వేచియుండక, కంచెలోని అడవి హాథార్న్ మొక్కకే అజరోల్ అంటు కట్టుదురు.

ఆ చెట్టును ఇచటికి తెప్పింపవలెనని ఎవరికైన తోచినచో, ఆ ఆలోచన మానుకొనుట మంచిది. అది చలికాలపు గట్టి చలికి అలవాటు పడిన చెట్టు. మన దేశములో దాని బంధువులు కాశ్మీరము వంటి హిమాలయ ప్రాంతములందే కలవు. కోటగిరి ఎండలకు అది తగదు. వృక్షశాస్త్రము ప్రకారము అది ఆపిల్, గులాబీల కుటుంబమునకు చెందినది. రేగు కుటుంబము వేరు. ఐనను ముళ్లలోను, బెట్టకు ఓర్చుటలోను, పండు రుచిలోను, కంచెలో అనాదరమున పడియుండుటలోను మన రేగు దానికి సాటివచ్చును. మనము అచటినుండి తెచ్చుకొనవలసినది ఆ పద్ధతి మాత్రమే.

మన నేలకు రేగు ఎందుకు

కోటగిరి, వర్ని, రుద్రూరు, బోధన్ ప్రాంతములు నిజాంసాగరు ఆయకట్టులోనివి. మంజీరపై 1923లో ప్రారంభింపబడి 1931లో ముగిసిన ఆ జలాశయము చెరకును, వరిని, బోధను చక్కెర కర్మాగారమును పోషించినది. కాని పూడిక వలన దాని నిలువ శక్తి తగ్గినది. మొదట సుమారు 29.7 టి.యం.సి.ల నీరు పట్టు జలాశయము ఇప్పుడు 17.8 టి.యం.సి.ల లెక్కకు వచ్చినది. 2015 చివర బోధను కర్మాగారము మూతపడిన పిమ్మట చెరకు వెనుకబడి వరి ఇంకను వ్యాపించినది. ఒక్క పంటపైననే, ఒక్క నీటిపైననే కుటుంబమంతయు ఆధారపడుట ఎంత ప్రమాదమో, వానలు తప్పిన ఏడు తూము చివరి రైతును అడిగినచో చెప్పును.

కాలువ నీరు ఎక్కని ఎత్తు చెల్కలు, రాళ్ల దిబ్బలు, చవుడు పట్టి వరి కూడ సరిగా రాని తునకలు ఇంచుమించు ప్రతి ఊరిలోను ఉన్నవి. రేగు వేరు నేలలో చాల లోతునకు దిగును. వేసవిలో ఆకు రాల్చి చెట్టు నిద్రపోవును గనుక ఎండ బాధ దానికి తక్కువ. జూనులో వాన పడినంతనే చిగిర్చి, వానలు వెనుకబట్టు వేళకు పూచి, చలికాలములో పండును. అనగా నీరు ఉన్నప్పుడు పెరిగి, లేనప్పుడు ఊరకుండును. చవుడును సైతము చాల చెట్లకంటె బాగుగ ఓర్చుకొనును.

ఆహారముగా కూడ ఈ పండు తీసివేయదగినది కాదు. సి విటమిను విషయములో ఉసిరిక, జామల తరువాత చెప్పదగినవానిలో రేగు ఒకటి. పట్టణమునుండి ఆపిల్ తెచ్చి పిల్లలకు పెట్టుచు, గట్టు మీది రేగును మేకలకు విడుచుట మన అలవాటు. సి విటమినులో ఆపిల్ రేగుతో సరితూగదు.

ఒక హెచ్చరిక మాత్రము చేయవలెను. మాగాణి మడి గట్టుపై రేగును పెంచవద్దు. నీడకు వరి చెడును, కొమ్మలపై వ్రాలిన పిట్టలు గింజ తినును, ముళ్లు నాటువారి కాళ్లలో దిగును. రేగడిలో నెలల తరబడి నీరు నిలుచు పల్లమును కూడ విడువుడు. ఎత్తు నేలలు, చెల్క గట్లు, బావి దరులు, పశువుల కొట్టము వెనుక స్థలము - ఇవి దానికి తగిన చోట్లు.

గింజ నాటిన చాలదా

పెద్ద పండు తిని దాని గింజ నాటినచో పెద్ద పండే వచ్చునని పలువురు తలంతురు. రేగులో అట్లు జరుగదు. రేగు పువ్వు చాలవరకు పరాయి చెట్టు పుప్పొడితోనే కాయ కట్టును. ఈగలు, తేనెటీగలు గట్టు మీది కంప రేగునుండి పుప్పొడి తెచ్చినచో, పుట్టు మొక్క సగము కంపయే. అందుచే తల్లిగుణము తప్పక రావలెనన్న మొగ్గ అంటు ఒక్కటే మార్గము. ఇదే కారణమున ఒకే రకము చెట్లు మాత్రమే పెంచరాదు. రెండు రకములు దగ్గరగ ఉన్నచో కాపు బాగుగ ఉండును.

ముదురు చెట్టును మార్చు విధము

మొదట చెట్టును ఎన్నుకొనవలెను. మొదలు గట్టిగ ఉండి, పుచ్చు లేక, బెరడుపై జల్లు వంటి పురుగు రెట్ట లేనిది మంచిది. మరీ వృద్ధ వృక్షము వలదు. చేతి మణికట్టు నుండి పిక్క వరకు లావు గల మొదళ్లు ఈ పనికి అన్నిటికంటె అనుకూలము. ఒక గట్టుపై గుబురుగ నాలుగు మొదళ్లు ఉన్నచో అన్నిటిని ఉంచుకొనవలెనన్న ఆశ వలదు. కనీసము ఇరువది అడుగుల ఎడముండునట్లు ఒకదానిని నిలిపి తక్కినవానిని తీసివేయుడు.

ఏప్రిలు నెలలో, ఆకు రాలి చెట్టు నిద్రలో ఉన్నప్పుడు, మొదలును నరుకవలెను. గొడ్డలితో కాక రంపముతో కోయుట మేలు. గొడ్డలి దెబ్బకు మోడు చీలి నీరు దిగి కుళ్లును. పశువులు రాని చోట మోకాలి ఎత్తున, వచ్చు చోట నడుము ఎత్తున కోయవచ్చును. కోతను కొంచెము వాలుగ ఉంచి దానిపై బోర్డో పేస్టు పూయుడు. ఆ చెట్టునుండి కోసిన ముళ్ల కొమ్మలనే మోడు చుట్టు దడిగా పేర్చుడు. మేకకు రేగు చిగురుకంటె ప్రియమైనది లేదు. ఈ దడి లేని మోడు వానకాలము మొదటి పక్షములోనే మేకల పాలగును.

కొద్ది వారములలో మోటు చుట్టు పదులకొలది చిగుళ్లు పొడుచుకొని వచ్చును. అన్నిటిని పెరుగనీయరాదు. వేర్వేరు దిక్కులందు బలముగ నున్న మూడు నాలుగు చిగుళ్లను ఉంచి తక్కినవి చేతితో గిల్లివేయుడు. జూలై నాటికి ఉంచిన చిగుళ్లు పెన్సిలు లావునకు వచ్చును. అప్పుడు వానలు పడి చెట్టులో రసము పారుచుండును గనుక బెరడు కర్రనుండి సులభముగ ఊడును. అంటు కట్టుటకు ఇదియే గుర్తు. చాకు మొనతో గీచి బెరడును ఎత్తి చూడుడు. తడిగ, నునుపుగ లేచినచో పని మొదలుపెట్టవచ్చును. అంటుకొని రానిచో ఇంకొక వాన వరకు ఆగుడు. జూన్ చివరినుండి ఆగస్టు వరకు మన ప్రాంతములో అదను.

మొగ్గల కొరకు తెచ్చు కొమ్మ ఆ ఏటిదే కావలెను. మరీ లేతది, మరీ ముదిరినది వలదు. కోసిన వెంటనే ఆకులు తీసివేసి, ఆకు తొడిమను మాత్రము అర అంగుళము మేర ఉంచుడు. తొడిమ రెండు విధముల ఉపయోగపడును: మొగ్గను పట్టుకొనుటకు పిడి వలె ఉండును, తరువాత అంటు అతికినదో లేదో తెలుపును. కొమ్మలను తడి గోనెలో చుట్టి నీడన తెచ్చి, వీలైనంతవరకు ఆ దినమే వాడుడు. కొమ్మలు ఏ చెట్టువో, ఎట్టి పండు కాయునో కంటితో చూచి తెచ్చుకొనుట ఉత్తమము. సంతలో మంచి కొమ్మలని చెప్పి అమ్మువాని మాట నమ్మి ఏడాది కష్టము పోగొట్టుకొనవద్దు.

ఇక అంటు. ఉంచిన చిగురుపై, మొదలునుండి ఆరు అంగుళముల లోపల, నునుపైన చోట చూచుకొని, అడ్డముగ ఒక చిన్న గాటు, దాని మధ్యనుండి క్రిందికి అంగుళము పొడవున ఒక నిలువు గాటు పెట్టుడు. బెరడు మాత్రమే తెగవలెను గాని కర్ర తెగరాదు. చాకు మొనతో బెరడు రెండు రెక్కలను కొంచెము ఎత్తుడు. అంటు కొమ్మనుండి మొగ్గ నడిమిలో ఉండునట్లు అంగుళము పొడవు డాలు ఆకారముగ బెరడు ముక్కను కోసి, దాని వెనుక అంటియున్న కర్రను మెల్లగ తొలగించుడు. మొగ్గ వెనుక చిన్న గుంటవలె కనబడినచో మొగ్గ గుండె కర్రతో ఊడిపోయినదని గ్రహించి ఆ ముక్కను పారవేయుడు. సరియైన ముక్కను తొడిమతో పట్టుకొని, మొగ్గ మొన పైకి ఉండునట్లు, రెక్కల నడుమ పైనుండి క్రిందికి జార్చుడు. తరువాత వెడల్పైన పాలితీను పట్టీతో క్రిందినుండి పైకి గట్టిగ చుట్టి, మొగ్గను మాత్రము బయట విడువుడు. గాటు పెట్టిన క్షణమునుండి కట్టు ముగియువరకు ఆలస్యము కూడదు. గాలికి ఆరిన మొగ్గ అతుకదు. వాన కురియుచుండగా కట్టవద్దు. గాటులో నీరు చేరినచో కుళ్లును.

ఒక్కొక్క చెట్టుకు మూడు నాలుగు చిగుళ్లపై కట్టినచో ఒకటి రెండు తప్పినను నష్టము లేదు. మూడు వారములకు పోయి తొడిమను ముట్టి చూడుడు. పసుపుబారి తాకినంతనే రాలినచో మొగ్గ బ్రతికినది. ఎండి నల్లబడి ఊడకున్నచో చచ్చినది. అదను ఇంకను ఉన్నచో అదే చిగురు వేరొక ప్రక్కన మరల కట్టవచ్చును. బ్రతికిన మొగ్గపై రెండంగుళముల ఎత్తున ఆ చిగురును కోసివేయుడు. మొగ్గ చిగిర్చి నాలుగు ఆకులు వేసిన పిదప పట్టీ విప్పుడు. విప్పుట మరచినచో పట్టీ బెరడులో కోసికొనిపోయి గాలి వానకు కొమ్మ అచటనే విరుగును.

చెడు చోటు ఇదే

ఇంతవరకు నేర్పుగ చేసి, పిమ్మట చెట్టును మరచుట సాధారణముగ జరుగు పొరపాటు. వేరు అడవి రేగుది, దాని బలము గొప్పది. అంటుకు క్రింద మోటునుండి, నేలలోనుండి అది తన సొంత చిగుళ్లను ప్రతి నెల పంపుచుండును. వానిని తీయనిచో అవి అంటు కొమ్మకంటె వేగముగ పెరిగి, రసమంతయు లాగికొనును. రెండేండ్లలో అంటు ఎండిపోయి మరల పాత కంపయే మిగులును. "అంటు కట్టించినాము, ఐనను పండ్లు మారలేదు" అనువారి చెట్లను చూచినచో నూటికి తొంబది ఇట్టివే యని చెప్పవచ్చును.

అడవి చిగురును గుర్తించుట కష్టము కాదు. దాని ఆకు చిన్నది. ప్రతి ఆకు మొదట రెండు ముళ్లు ఉండును: ఒకటి తిన్నగ సూదివలె, ఇంకొకటి వంకరగ కొక్కెము వలె. మేలు రకముల ఆకు పెద్దది, ముళ్లు తక్కువ. మొదటి ఏడు నెలకొకసారియైనను, రెండవ ఏడు రెండు నెలలకొకసారియైనను పోయి అంటు క్రింది చిగుళ్లను మొదటికంట గిల్లివేయుడు. ఇది పిల్లలు కూడ చేయగల పని. మూడవ ఏటికి అంటు కొమ్మ లావెక్కి అడవి చిగుళ్లు తగ్గును, పూర్తిగ ఆగవు.

గట్టున చెట్లు లేనివారు

క్రొత్తగా పెంచదలచినవారు గింజ వేసి వేరుమొక్కను పెంచుకొనవలెను. బాగుగ మాగిన కంప రేగు పండ్లనుండి తీసిన గింజలను, లీటరు నీటికి 170-180 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో వేయుడు. తేలినవి తాలు, మునిగినవానిని మంచినీట కడిగి విత్తుడు. పెంకు గట్టిది గనుక అట్లే విత్తినచో మొలచుటకు మూడు నాలుగు వారములు పట్టును. సుత్తితో మెల్లగ పెంకు పగులగొట్టి లోపలి పప్పు తీసి విత్తినచో ఇంచుమించు వారములోనే మొలచును.

వేరు గడ్డపారవలె తిన్నగ క్రిందికి దిగును; మొక్కను పెరికి వేరొక చోట నాటుట దానికి గిట్టదు. అందుచే పొడవైన పాలితీను సంచులలో గాని, చెట్టు ఉండవలసిన గుంతలోనే గాని విత్తుట మంచిది. గుంతలో రెండు మూడు గింజలు వేసి, బలమైన ఒక్క మొక్కను ఉంచి, అది పెన్సిలు లావైన పిదప పైన చెప్పినట్లు మొగ్గ కట్టుడు. తోటగా పెంచునప్పుడు చెట్టుకు చెట్టుకు ఆరునుండి ఎనిమిది మీటర్ల ఎడముండవలెను. ఆరు మీటర్లైనచో ఎకరమునకు 112 చెట్లు, ఎనిమిదైనచో 63 చెట్లు పట్టును. మొదటి మూడేండ్లు నడుమ పెసర, మినుము, నువ్వు వేసికొనవచ్చును.

గ్రామాధికారులకు ఒక మాట. పంచాయతీ నర్సరీలలో టేకు, వేప మొక్కలతో పాటు కొన్ని వందల రేగు వేరుమొక్కలు పెంచి, అంటు కట్టి రైతులకు ఇచ్చినచో ఖర్చు స్వల్పము. బడి ఆవరణలలో ముళ్లు తక్కువైన రకముల అంటు చెట్లు రెండు మూడు నాటించుడు. రేగు ఆకు పైవైపు మెరుగైన పచ్చన, క్రింది వైపు వెండివంటి తెలుపు. గాలి వీచినప్పుడు చెట్టంతయు మెరయును. అజరోల్ పూల అందము దీనికి లేకున్నను, కాపుతో వంగిన రేగు కన్నులకు విందే. ఐతే బంజరు, పోరంబోకు, అడవి భూములలోని చెట్లను ఎవరికి వారు నరికి అంటు కట్టుటకు అధికారము లేదు. పంచాయతీ భూమియైనచో ముందు తీర్మానము చేసి, చెట్టును ఎవరు కాపాడవలెనో, పండు ఎవరిదో వ్రాసి ఉంచుట మంచిది. పండు వచ్చిన తరువాత వచ్చు తగవులు చిగురు వేసినప్పుడు కనబడవు. పట్టా భూమిలోనైనను పెద్ద చెట్లను నరుకుటకు ముందు వాల్టా చట్టపు నియమములను విచారించుకొనవలెను.

రకములు

ఉత్తర దేశమున ఎంపిక చేయబడిన రకములలో గోలా ముందుగ పండును. పండు గుండ్రన, పలుచని తొక్క. సేబ్, ముండియా, కైథిలీ నడిమి కాలమునకు వచ్చును. ఉమ్రాన్ ఆలస్యముగ పండును. కాయ పెద్దది, బంగారు వన్నె, ముదిరినచో చాక్లెటు రంగునకు తిరుగును. దూరపు అంగడికి పంపుటకు, ఎండబెట్టుటకు ఇది బాగుండును. మహారాష్ట్రలో కడాకా, మెహ్రూన్ రకములు వాడుకలో నున్నవి. గోలా, ఉమ్రాన్ రెండును ఉన్నచో పుప్పొడికి పుప్పొడి దొరకును, అమ్మకపు కాలము కూడ పొడుగగును.

ఇటీవలి సంవత్సరములలో ఆపిల్ రేగు అను పెద్దకాయ రకమును మన రాష్ట్రములో చాలమంది నాటిరి. చూచుటకు అది చక్కనిది, త్వరగ కాపునకు వచ్చును. కాని దానికి నీరు, ఎరువు, కొమ్మలకు ఊతము కావలెను. నీరున్న రైతు తన అంగడిని చూచుకొని దానిని పెంచవచ్చును. నీరు లేని గట్టుకు, చెల్కకు ఉమ్రాన్, గోలాలే మేలని నా అభిప్రాయము. రుచిలో కూడ అవి తీసిపోవు.

కొమ్మల కత్తిరింపు

రేగు పూత ఆ ఏడు చిగిర్చిన క్రొత్త కొమ్మపైననే, ఆకు మొదట వచ్చును. పాత కొమ్మపై రాదు. కాబట్టి ఏటేట కత్తిరింపక విడిచినచో కొమ్మలు పొడుగై, సన్నమై, పండు చిన్నదగును. ఏప్రిలు, మే నెలలలో ఆకు రాలిన పిమ్మట నిరుటి కొమ్మలలో నాల్గవ వంతు నుండి సగము వరకు కోయవలెను. నేలకు వంగినవి, ఒకదానితో నొకటి రాచుకొనునవి, ఎండినవి మొదటికంట తీయవలెను. కోసిన కంప కంచెకు ఉపయోగపడును. మనము ఇన్నాళ్లు కంప కొరకు నరికినదే గాని, పండు కొరకు నరికినది కాదు; భేదము కాలములోను, కొలతలోను ఉన్నది.

కత్తిరించిన తరువాత మొదట చుట్టు త్రవ్వి, తొలకరికి మాగిన పశువుల ఎరువు వేయుడు. కాయ పెరుగు వేళ, అనగా నవంబరు ప్రాంతమున, నీరున్నచో ఒకటి రెండు తడులు ఇచ్చిన పండు లావెక్కును. నిండు పూత మీద నీరు పెట్టవద్దు, పూత రాలును.

పురుగు, తెగులు

రేగు రైతును ఎక్కువ బాధించునది పండు ఈగ. అది లేత కాయపై గ్రుడ్డు పెట్టును. పిల్ల పురుగు లోనికి పోయి గింజ చుట్టు గుజ్జు తినును. పైకి బాగుగ కనబడు పండును కొరికినచో లోపల పురుగు కనబడుట ఇందువలననే. పెరిగిన పురుగు కాయనుండి నేల మీదికి జారి మన్నులో గూడు కట్టుకొనును. దీని ఆట కట్టుటకు రాలిన కాయలను, పుచ్చు కాయలను ప్రతి రెండు మూడు దినములకు ఏరి లోతుగ పూడ్చవలెను. వేసవిలో చెట్టు క్రింది నేలను త్రవ్వి ఎండకు పెట్టవలెను. చుట్టుప్రక్కల కాపలేని కంప రేగు పొదలు ఈ ఈగకు పుట్టినిల్లు. ఆ పొదలను అంటు చెట్లుగ మార్చుట వలన పండుతో పాటు ఈగ నివాసమును తగ్గించిన వారమగుదుము. మందులు చల్లవలెనన్న ఉద్యాన అధికారి సలహా లేక చల్లవద్దు; ఇది తొక్కతో తిను పండు.

చలి మొదలైనప్పుడు పూతపై, పిందెలపై తెల్లని పొడి చల్లినట్లు బూడిద తెగులు వచ్చును. పిందెలు గిడసబారి రాలును. లీటరు నీటికి 3 గ్రాముల నీట కరుగు గంధకము కలిపి, తెగులు కనబడగనే ఒకసారి, పదునైదు దినములకు మరియొకసారి చల్లిన అణగును. మొదటి బెరడుపై రెట్ట, దారముల జల్లు కనబడినచో అది బెరడు తిను పురుగు. జల్లు తుడిచి, రంధ్రములో కిరసనాయిలు తడిపిన దూది దూర్చి మన్నుతో మూయుడు.

పండు

వానమీద పెరిగిన పెద్ద చెట్టు 50 నుండి 80 కిలోల వరకు ఇయ్యగలదు. నీరు పెట్టినచో ఇంకను ఎక్కువ. గట్టున పది చెట్లున్నను కుటుంబమునకు తినగా మిగిలినది బోధను, బాన్సువాడ, నిజామాబాదు అంగళ్లకు పంపవచ్చును. పండ్లన్నియు ఒకేసారి పండవు. ఆకుపచ్చ పోయి పసుపు తిరిగినవానినే ఎంచి, నాలుగైదు కోతలుగ కోయుడు. కర్రతో కొట్టి రాల్చిన పండు దెబ్బ తిని మరునాటికే నల్లబడును. పెద్దవి, చిన్నవి, మచ్చవి వేరు చేసి బుట్టలలో ఆకు పరచి పంపినచో ధర మారును.

మిగిలిన పండును, కంప రేగు పుల్లని పండును మన ఇండ్లలో వడియములుగ పెట్టుకొనుట తెలిసినదే. గింజ తీసి గాని, గింజతోనే గాని రోట దంచి, బెల్లము, ఉప్పు, పచ్చిమిరప, జీలకర్ర కలిపి బిళ్లలుగ తట్టి, నాలుగైదు ఎండలలో పూర్తిగ ఆరనిచ్చుడు. బాగుగ ఆరినవి తడి తగలని డబ్బాలో నెలల తరబడి నిలుచును. వడియమునకు పులుపు కావలెను గనుక ఒకటి రెండు పాత చెట్లను అంటు కట్టక ఉంచుకొనువారు ఉండవచ్చును. ఐనచో ఆ చెట్ల క్రింద ఒక్క కాయ రాలి మిగులకుండ ఏరవలెను, లేనిచో పండు ఈగ అచటినుండి అంటు చెట్లకు వచ్చును.